చుక్కకు తొట్టెల కట్టిన రోజు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌కు ఆకాశం ఉండేది కాదు. ఉండే ఉంటుంది లెండి, మాకు కనపడేది కాదు. తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఆ బోర్డుల మీద ర్యాంకులు కొట్టిన పిల్లల ఫ్లెక్సీలు, వాటి మీద వచ్చే ఏడాది కొట్టబోయే పిల్లల కోసం ముందే బిగించి పెట్టిన ఇనుప చట్రాలు. వాటి సందుల్లోంచి కాస్త నీలంగా ఏదైనా కనిపిస్తే అది ఎవరి బాల్కనీలోనో ఆరేసిన లుంగీ అయ్యేది. అలాంటి చోట, మిఠాయి దుకాణం పైన మూడో అంతస్తులో, పొద్దున పూట ఎండలో, నేనొక గ్రహశకలాన్ని కనిపెట్టాను. చిన్నప్పుడు అల్లరి చేస్తే "పట్టపగలు సుక్కలు జూపిస్త" అని మా అమ్మ బెదిరించేది. ఆమె వల్ల కాలేదు. డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ వాళ్ళు చూపించారు, రెండు రకాలుగానూ. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది అని రాయడం ఇలాంటి ముచ్చట్లకు ఆనవాయితీ. నాకు ఆ నవ్వు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వచ్చింది కూడా సగమే.

మాది బాలాపూర్ అవతలి పల్లె. మా నాయిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర గుమాస్తా. ఎల్బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ఎండాకాలం మేం ఇంటిల్లిపాదీ మామిడిపండు వాసన వేసేవాళ్ళం, చలికాలం బత్తాయి వాసన. నాకేమో యూనివర్సిటీలో చేరి నక్షత్రాల మీద ఎమ్మెస్సీ చేయాలని ఉండేది. "సుక్కలు లెక్కవెడితె బువ్వ దొరుకుతదా బిడ్డా? డిగ్రీ అయినంక పెండ్లే" అనేవాడు నాయిన. ఆయనది చెడ్డ మనసు కాదు. ఆయన మతం వేరు, అంతే. పేపర్లో పడితే నిజం, పడకపోతే పుకారు. పొద్దున్నే మార్కెట్ చాయ్ దుకాణం దగ్గర నలుగురికీ వినపడేలా పేపరు చదివి పెట్టేది ఆయనే. మా మేనబావకు సర్కారు కొలువు వచ్చిందని మిఠాయి తెస్తే, "పేపర్ల పడ్డదా?" అని అడిగి, ఫలితాల పేజీలో నంబరు కళ్ళారా చూసుకున్నాకనే ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఒకసారి నేను ఏడ్చి, అలిగి, అన్నం మానేసి పరేషాన్ చేస్తే విసుగెత్తి ఒక మాటన్నాడు. "సరే తియ్యి. గీ సుక్కల సదువుల నీ పేరు ఒక్కపారి పేపర్ల పడనియ్యి. పడ్డనాడు నేనే తోల్కపోయి ఫీజు గడ్త." అమ్మ సాక్షి, గోడ మీది దేవుడి పటం సాక్షి. ఆ రోజు నుంచి నాకు లోకంలో కావాల్సింది ఒక్కటే, పేపర్లో నా పేరు.

మా కాలేజీ సొంతదారును ఎదురుగా కరస్పాండెంట్ గారు అనేవాళ్ళం, వెనక ఫ్లెక్సీ సార్ అనేవాళ్ళం. ఎవరిది పుట్టినరోజైనా, ఎవరు పోయినా, కాలేజీలో కుళాయి బాగుచేయించినా ఆయన ఫ్లెక్సీ కట్టించేవారు. అందులో ఆయన నిలువెత్తున నమస్కారం పెడుతూ ఉండేవారు, కుళాయి మూలన స్టాంపు సైజులో ఉండేది. ఆయనది ఏ ప్రాంతమో ఎవరికీ తెలియదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు పిల్లల్ని చేర్పించడానికి వస్తే "మన పిల్లలండీ, మనం చూసుకోమా" అనేవారు. మా నాయిన వెళితే "మనోళ్ళ పిల్లనే గదనే, నాకిడిసిపెట్టు" అన్నారు. ఫిజిక్సు చెప్పేది తోకచుక్క సార్. గంటల లెక్కన నాలుగు కాలేజీల్లో చెప్పేవాడు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు కనిపించి, బ్యాగు పట్టీ వెనక వేలాడుతుండగా బస్సు కోసం మాయమయ్యేవాడు. ఆయన ఒక్క వాక్యమైనా పూర్తి చేసినట్టు నాకు గుర్తు లేదు. ఇక నా పక్కన కూర్చునే పిల్ల గోదావరి. అది మేం పెట్టిన పేరు. వాళ్ళది గోదావరి జిల్లా, వాళ్ళ నాన్నగారికి బ్యాంకు ఉద్యోగం, సైదాబాద్ వైపు సొంత ఫ్లాటు. నేను తెచ్చిన సర్వపిండి ఆమె తినేది, ఆమె తెచ్చిన పులిహోర నేను తినేదాన్ని. నేను తెచ్చింది నేను, ఆమె తెచ్చింది ఆమె తిన్న రోజు లేదు.

ఏదో విదేశీ సంస్థ కాలేజీ పిల్లల చేత గ్రహశకలాలను వెతికిస్తోందన్న కబురు పట్టుకొచ్చింది తోకచుక్క సారే. గ్రహశకలాలంటే మరేం లేదు, కుజుడికీ గురుడికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్ళు. అక్కడెక్కడో పెద్ద టెలిస్కోపు ఒకే ఆకాశపు ముక్కను కొద్ది నిమిషాల ఎడంతో నాలుగు ఫోటోలు తీసి మనకు పంపుతుంది. వాటిని కంప్యూటర్లో ఒకదాని వెంట ఒకటి గబగబా తిప్పి చూడాలి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా చుక్క ప్రతి ఫోటోలోనూ కొంచెం కొంచెం జరిగితే అది రాయి. ఆ రాయి అప్పటిదాకా ఎవరి లెక్కలోనూ లేకపోతే మన పంట పండినట్టే. ఆకాశం కనపడని దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకు ఇంతకన్నా అనువైన పని ఏముంటుంది? మా ల్యాబులో గోడ పొడుగునా కంప్యూటర్లు ఉండేవి, పనిచేసేవి మూడు. కింద నుంచి జిలేబీ నూనె వాసన, కిటికీలోంచి బస్సు డిపోలో కండక్టర్ల కేకలు. కరెంటు పోగానే యూపీఎస్ చంటిపిల్లలా ఏడుపు అందుకునేది.

కొన్ని వారాలపాటు మాకు దొరికిందంతా దుమ్మే. "చూడవే, చూడవే, కదుల్తోంది!" అని గోదావరి ఎగిరేది. "అది కదులుతలేదే, నువ్వు బల్ల గుద్దుతున్నవ్" అనేదాన్ని నేను. ఒకసారైతే ఇద్దరికీ గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే మానిటర్ మీద చీమ. (దాని దారిని కొలిచి సార్‌కి చూపించాక గానీ అది చీమని తెలియలేదు.) చివరికి ఒక పొద్దున, ఫోటో మూలన, ఉందా లేదా అన్నట్టు ఒక మసక చుక్క. నాలుగు ఫోటోల్లో నాలుగు అడుగులు, ఒకే గీత మీద, ఒకే ఎడంతో. నేను గోదావరి చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నోరెత్తితే ఎక్కడ కరెంటు పోతుందోనని ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఎవరు ముందు చూశారని తర్వాత చాలామంది అడిగారు. ఇద్దరం ఒక్కసారే చూశాం.

మేం కొలిచి పంపినదానికి కొన్నాళ్ళకు ఆ సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఇది ఇంతవరకూ ఎవరి లెక్కలోనూ లేని వస్తువులా ఉందని, తాత్కాలికంగా ఈ గుర్తు ఇస్తున్నామని, లారీ నంబరు లాంటిదొకటి రాశారు. తోకచుక్క సార్ మెట్లు దిగుతూనే చెప్పాడు. "ఇది తాత్కాలికమేనమ్మా. మళ్ళీ ఫోటోలు వస్తాయి, వాటిలో మళ్ళీ దీన్ని పట్టుకోవాలి. అది తిరిగే దారి పక్కాగా తేలాలి, దానికి ఏళ్ళు పడుతుంది. తేలాక శాశ్వత సంఖ్య ఇస్తారు. ఆ తర్వాతే కనుక్కున్నవాళ్ళని పేరు..." అంతలో బస్సు వచ్చింది. అక్కడే నిలబడ్డ ఫ్లెక్సీ సార్ చెవిన పడింది ఆ చివరి మాట ఒక్కటే.

తెల్లారేసరికి ఫ్లెక్సీ లేచింది. "అంతరిక్షంలో మన కాలేజీ జెండా!" అని పెద్దక్షరాలు, నమస్కారం పెడుతున్న సార్, ఆయన తల వెనక చక్రంలా శనిగ్రహం. (శనికీ మాకూ సంబంధం లేదు. ఫ్లెక్సీ షాపులో ఉన్న బొమ్మ అదొక్కటే.) అట్టడుగున మా ఇద్దరి బస్‌పాస్ ఫోటోలు. పేర్లు లేవు. నేను ధైర్యం చేసి "పేర్లెయ్యలే సార్" అన్నాను. "నామకరణం నాడు పేపరోళ్ళను పిలుస్తున్న బిడ్డా. గప్పుడు నీ పేరు మొదటి లైన్లనే ఉంటది" అన్నారు ఆయన. ఆ మాటతో నా నోటికి తాళం పడింది. పేరు పెట్టడానికి ఇంకా ఏళ్ళున్నాయని ఆయనకు చెప్పాల్సిందాన్ని నేను, ముహూర్తం ఎప్పుడు సార్ అని అడిగి వచ్చాను. ఇంట్లో విషయం విని మా అమ్మ మాత్రం "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అంది.

అవి తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన రోజులు. రోజు విడిచి రోజు బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్ళు. మా నాయిన మార్కెట్ జనంతో కలిసి అక్కడే కూర్చుని తిన్నాడు, నేనూ తిన్నాను, గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఉన్నట్టుండి క్లాసుకు రావడం మానేసిన కుర్రాడి గురించి అడగాలంటే, ఏ చావు కబురు వినాల్సి వస్తుందోనని భయపడే కాలం అది. అక్కడ గోదావరి ఇంట్లోనేమో రోజూ అన్నాల దగ్గర ఒకటే మాటట, ఫ్లాటు అమ్ముకుని పోవాల్సి వస్తుందా అని. సరిగ్గా అలాంటప్పుడు, మా కాలేజీకి పేరు లేని రాయి ఒకటి దొరికింది.

మా వైపు పిల్లలు "తెలంగాణ" అని పెట్టాలన్నారు. అటు వైపు పిల్లలు "సమైక్య" అని పెట్టాలన్నారు. తోకచుక్క సార్ పరుగు మధ్యలో ఆగి, "అసలవన్నీ ఒక్క గ్రహంగా కలవలేకపోయిన ముక్కలయ్యా. పక్కనున్న గురుడి లాగుడు వాటిని కలవనివ్వలేదు. దానికి సమైక్య అని ఎలా... పోనీ అదేమైనా ఎక్కణ్ణుంచైనా విడిపోయిందా అంటే అదీ..." అన్నాడు. బస్సు వచ్చింది. ఆ సాయంత్రానికి రెండు వర్గాలూ ఆయన్ను ద్రోహి అని తీర్మానించాయి. తర్వాత వేడుకకు ఏమని పిలవాలన్న తగువు. మా దగ్గర బిడ్డ పుడితే ఇరవయ్యొకటో నాడు తొట్టెల కట్టి, అందులో పడుకోబెట్టి పేరు పెడతారు. వాళ్ళు బారసాల అని చేస్తారు, పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాస్తారు. రాయికి తొట్టెలా, బారసాలా? రెండు రోజులు తరగతులు నడవలేదు. ఫ్లెక్సీ సార్ గోడ మీది పిల్లి కదా, ఇరువైపుల పెద్ద తలకాయలనూ విడివిడిగా గదిలోకి పిలిపించుకున్నారు. ఇద్దరూ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. అప్పుడే మాకు అనుమానం రావాల్సింది.

ఇంత జరిగినా "మీరేమనుకుంటున్నారమ్మా" అని నన్నూ గోదావరినీ అడిగినవాడు లేడు. మేమూ ఒకరినొకరం అడగలేదు. అప్పటికే ఆమె అటు బెంచీకి మారిపోయింది, వాళ్ళవాళ్ళ మధ్య కూర్చోమని ఇంట్లో చెప్పారట. నేనూ రమ్మనలేదు, నాకూ నా వైపు వాళ్ళున్నారు. పులిహోర ఆగిపోయింది, సర్వపిండి నేనే తినేదాన్ని. ఈలోగా ఆ విదేశీ సంస్థ నుంచి కొత్త ఫోటోలు వచ్చాయి. ల్యాబుకు తాళం. అందులో కుర్చీలన్నీ వేదిక కోసం దించేశారు. "ఫోటోలొచ్చినయి సార్, మళ్ళ దాన్ని పట్టుకోవాలె, లేకుంటె పోతది" అని బతిమాలాను. "అది యాడికి పోతది బిడ్డా? ఆకాశంలనే గద ఉండేది! ఫంక్షన్ కానియ్యి" అన్నారు ఫ్లెక్సీ సార్.

కాలేజీ వెనక బండ్లు పెట్టుకునే జాగాలో షామియానా వేశారు. బంతిపూలతో తొట్టెల కట్టారు. (పక్కనే పళ్ళెంలో బియ్యం కూడా పెట్టారు, ఎవరి మనసూ నొప్పించకుండా.) తొట్టెలలో ఏం పడుకోబెట్టాలి? గ్రహశకలం ఆలుగడ్డ ఆకారంలో ఉంటుందని తోకచుక్క సార్ ఎప్పుడో అన్నాడు, కానీ ఆలుగడ్డను చూస్తే పేపరు వాళ్ళు నవ్వుతారని, అటెండరు రోడ్డు పనుల దగ్గర నుంచి చంటిబిడ్డంత నల్లరాయిని మోసుకొచ్చాడు. కడిగారు. కడిగాక ఎవరో ఆవిడ పసుపు రాసింది, ఇంకొకావిడ బొట్టు పెట్టింది. మన దగ్గర పసుపు కుంకుమ పడ్డాక ఏ రాయీ రాయి కాదు. జనం చెప్పులు విడిచి వచ్చి దండం పెట్టుకోవడం మొదలుపెట్టారు. తొట్టెలకు ఒకవైపు మా అమ్మ, ఇంకోవైపు గోదావరి వాళ్ళమ్మగారు. "గిదేందమ్మా, రాయికి తొట్టెల?" అంది మా అమ్మ గొంతు తగ్గించి. "ఏం చేస్తామండీ, పిల్లలు ముచ్చటపడ్డారు" అన్నారావిడ. ఆ రోజు మొత్తం మీద రెండు ప్రాంతాల వాళ్ళూ నిమ్మళంగా మాట్లాడుకున్నది ఆ ఒక్కచోటే. మా నాయిన మార్కెట్‌కు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. మొదటి వరసలో పేపరు విలేకరి కూల్‌డ్రింకు తాగుతున్నాడు. నా కళ్ళు ఆయన జేబులోని పెన్ను మీదే ఉన్నాయి.

ఫ్లెక్సీ సార్ పథకం మేం తర్వాత తెలుసుకున్నాం. వేదిక మీద "మన గ్రహం" అని మాత్రమే ఉంటుంది. ముందు గేటు దగ్గర "తెలంగాణ" అని ఒక ఫ్లెక్సీ, వెనక గేటు దగ్గర "సమైక్య" అని ఇంకో ఫ్లెక్సీ. ఒక వర్గాన్ని ముందు నుంచి రమ్మన్నారు, ఇంకో వర్గాన్ని వెనక నుంచి. ఎవరి ఫ్లెక్సీ వాళ్ళు చూసుకుని, గెలిచామనుకుని, భోంచేసి వెళ్ళిపోతారు. రెండు ఫ్లెక్సీల్లోనూ నమస్కారం మాత్రం ఆయనదే. ఇంత గొప్ప పథకం పాడైంది ఒక్క మోటారుసైకిల్ వల్ల. ముందు గేటు వైపు చోటు దొరక్క మావాడొకడు బండి తిప్పుకుని వెనక్కి పోయాడు, తలెత్తి చూశాడు. తర్వాత ఎవరు ఎవర్ని ఏమన్నారో చెప్పలేను. కుర్చీలు లేచాయి, మైకు గుయ్యిమంది, షామియానా గుంజ ఒకటి ఒరిగి, తొట్టెల తాడు తెగింది. రాయి కింద పడుతుంటే నేను ఉరికి రెండు చేతులా పట్టుకున్నాను. గోదావరి కూడా ఉరికింది, కానీ వాళ్ళ నాన్నగారు ఆమె రెక్క పట్టుకుని లాక్కెళ్ళి స్కూటర్ ఎక్కించారు. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ రోజుల్లో పోలీసు బండి ఎప్పుడూ చౌరస్తాలోనే ఉండేది కాబట్టి వాళ్ళు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్ళను చూడగానే కుర్రాళ్ళంతా ప్రాంతభేదం లేకుండా ఒకే గోడ దూకారు. ఖాళీ వేదిక మీద, రాయిని పొట్టకు కరుచుకుని, నేనొక్కదాన్నే మిగిలాను.

"రాయి కింద వెట్టు!" అని అరిచాడు ఎస్సై. "ఇది రాయి కాదు సార్, గ్రహశకలం" అన్నాను. ఆయన ఉద్యోగంలో రాళ్ళు పట్టుకున్నవాళ్ళు చాలామందే తగిలి ఉంటారు, కానీ ఆ జవాబు చెప్పినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. "ఏదో ఒకటి, ముందు కింద వెట్టమ్మా" అన్నాడు. స్టేషన్‌లో కానిస్టేబుల్ ఒకాయన కాగితం ముందేసుకుని, పంచాయితీ ఏందని అడిగాడు. పేరు గురించి సార్ అన్నాను. "ఇప్పుడెవరి పేరు మీదుంది?" అన్నాడు. ఎవరి పేరు మీదా లేదన్నాను. "గయితే సర్కారుదే. సర్వే నంబరెంత?" అన్నాడు. మా వైపు స్టేషన్లకు ప్లాట్ల తగాదాలు తప్ప ఇంకో తగాదా వచ్చేది కాదు మరి. నేను ఆ లారీ నంబరు చెప్పాను, ఆయన రాసుకున్నాడు. "హద్దులు?" "ఒకదిక్కు కుజుడు, ఒకదిక్కు గురుడు సార్." "వాళ్ళ ఫోన్ నంబర్లున్నయా?" ఆయన వెటకారం చేశాడో, నిజంగానే అడిగాడో నాకు ఈనాటికీ తెలియదు. పొద్దుగూకక ముందే మందలించి నన్ను నాయిన వెంట పంపేశారు. రాయిని మాత్రం సాక్ష్యమని ఉంచుకున్నారు.

మర్నాడు పేపర్లో పడింది. "నామకరణ వేడుకలో రాళ్ళదాడి" అని పైన, "రాయితో పట్టుబడిన విద్యార్థిని" అని కింద. మొదటి లైన్లోనే నా పేరు, తర్వాత తండ్రి పేరు, తర్వాత ఎల్బీనగర్. ఫ్లెక్సీ సార్ మాట నిలబెట్టుకున్నారనే చెప్పాలి. గోడ దూకిన కుర్రాళ్ళవి ఒక్కరి పేరూ లేదు. ఇది బయటి శక్తుల పని అని కరస్పాండెంట్ గారు ఆవేదన వ్యక్తం చేశారట. చివరి వాక్యంలో, శనిగ్రహానికి పేరు పెట్టే విషయమై గొడవ మొదలైందని రాశారు. (నా పేరు ఇక్కడ ఎక్కడా రాయకపోవడం మీరు గమనించే ఉంటారు. అచ్చులో ఒకసారి పడింది, చాలు.)

మా నాయిన ఎప్పటిలాగే చాయ్ దుకాణం దగ్గర ఆ పేపరు అందరికీ చదివి వినిపించడం మొదలుపెట్టాడట. దిల్‌సుఖ్‌నగర్ వార్త కదా అని ఉత్సాహంగా పైకే చదువుతూ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాడట. "ఆగినవేందే, సదువు" అన్నారట పక్కవాళ్ళు. ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "ఒచ్చింది బిడ్డా పేరు" అన్నాడు. "నేను ఇసరలే నాయినా, కింద పడకుంట పట్టుకున్న. నువ్వు జూసినవ్ గద!" అన్నాను. "జూసిన. నా కండ్లతోటి జూసిన. గని పేపర్ల గట్ల పడ్డదాయె" అన్నాడు. నేను సిగ్గు విడిచి, పేరు పడితే ఫీజు కడతానన్నావు కదా అని కూడా అడిగాను. ఆయన చాలాసేపు నా మొహం వంక చూసి, "ఇగ సాలు తియ్యి" అని స్నానానికి లేచిపోయాడు. తన కళ్ళ కన్నా పేపరును ఎక్కువ నమ్మిన మనిషి మీద అప్పుడు నాకు వచ్చిన కోపం చాలా ఏళ్ళు ఉంది. ఇంకా కొంచెం ఉంది.

ల్యాబు తాళం పరీక్షల దాకా తీయలేదు. ఆ ఫోటోలు చూడాల్సిన గడువు దాటిపోయింది, మా చుక్క లక్షల చుక్కల్లో కలిసిపోయింది. గోదావరి ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. ఆమె చేతిలో రాయి లేదు కాబట్టి ఆమె పేరు పేపర్లో లేదు, అందుకు కూడా నాకు ఆమె మీద కోపమే. డిగ్రీ అయింది, పెళ్ళయింది, బీఈడీ చేశాను, ఎల్బీనగర్‌లోనే బడిలో టీచరునయ్యాను. తెలంగాణ వచ్చింది, ఆ రోజు అందరితో పాటు నేనూ రోడ్డు మీద చిందేశాను. ఫ్లెక్సీ సార్ కొత్త రాష్ట్రానికి నమస్కారం పెట్టారు. గోదావరి వాళ్ళు ఫ్లాటు అమ్ముకుని రాజమండ్రి వెళ్ళిపోయారని ఎవరో చెప్పారు. పోతే పోనీ అనుకున్నాను.

మొన్న బడిలో భోజనాల వేళ తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "ఒసేయ్, నేనే" అంది అవతలి గొంతు, నిన్న సాయంత్రం విడిపోయినట్టుగా. గోదావరి. ఇప్పుడు ఆమెది కూడా బ్యాంకు ఉద్యోగమట. "మన చుక్కకి శాశ్వత సంఖ్య ఇచ్చారే" అంది. ఇన్నేళ్ళుగా అప్పుడప్పుడూ వెతుకుతూనే ఉందట, నాకు తెలియదు. మనకన్నా ముందే ఏదో పెద్ద టెలిస్కోపు దాన్ని ఫోటో తీసిందట, అన్నీ కలిపి లెక్కవేస్తే దారి తేలిందట, కనిపెట్టినవాళ్ళుగా వాళ్ళనే రాశారట. ఒక్క చుట్టు తిరగడానికి దానికి నాలుగేళ్ళ పైచిలుకు. మేం చూసినప్పటి నుంచి మూడు చుట్లు తిరిగొచ్చింది. "పేరేం వెట్టిన్రే?" అని అడిగాను. "ఏం పెట్టలేదు. నంబరే. చాలావాటికి పేరుండదట" అంది.

"ఏమే, అప్పుడు నిన్నెవరన్న అడిగిన్రా, ఏం పేరు వెడదామని?" అన్నాను. "నన్నెవరడిగారే! నువ్వడిగావా?" అంది. "ఇప్పుడడుగుతున్న, చెప్పు." "నవ్వకూడదు మరి." "నవ్వ." కొంచెం ఆగి, "నా పేరే పెట్టాలనుకున్నా" అంది. నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. "నువ్వో?" అంది. "నా పేరే" అన్నాను. "నా పేరా?" "నీది గాదే, నాది!" ముందు ఆమె నవ్వింది, తర్వాత నేను, అన్నం గిన్నె ముందు పెట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. "తెలుసా, కనిపెట్టినవాళ్ళు ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోకూడదట, పద్ధతి కాదట" అంది చివరికి. మాకెవరు చెప్పారు గనక? తోకచుక్క సార్ అప్పటికే బస్సెక్కేసి ఉంటాడు.

రెండు వర్గాల మధ్య నలిగిపోయిన అమాయకులం మేమిద్దరమే అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ రోజు వాళ్ళ నాన్నగారు ఆమెను లాక్కెళ్ళకపోయి ఉంటే, వేదిక మీద మూడో గొడవ మాదే అయ్యుండేది, చేతిలో రాయి కూడా ఉంది. పందొమ్మిదేళ్ళ ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు కోపం రాదు. అంత ఆకాశంలో తన పేరు పట్టేంత చోటు అడిగింది, అది కూడా పైకి అడగలేక మనసులోనే అడిగింది. గంట కొట్టారు. ఆ పూట తొమ్మిదో తరగతిలో హాజరు తీసుకుంటూ, ఎప్పటిలా నంబర్లు పిలవకుండా, ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో సహా నిదానంగా పిలిచాను. "ఏంది టీచర్, గియ్యాల పేర్లు పిలుస్తున్నరు?" అంది ముందు బెంచీ పిల్ల. ఊరికేనే అన్నాను. తన పేరు వచ్చినప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి, పక్క క్లాసుకు కూడా వినపడేంత గట్టిగా పలికింది.